సూసొచ్చేవా? బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా ఒక అనుమానపు నడక

విశాఖ బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా నడవాలనుందని, దారి ఎలా ఉంటుందో రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. రాస్తాను. కానీ నేను ఆ దారిలో నడిచింది సముద్రం అందం చూడ్డానికి కాదని ముందే చెప్పేస్తున్నాను. అడవి గార్డు ఉద్యోగానికి నడక పరీక్ష ఉండేది. మగవాళ్ళు ఇరవై అయిదు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. ఒక్క నిమిషం దాటినా ఇంటికే. నేను అప్పటికే ఒకసారి ఆ పరీక్షకు వెళ్ళి, ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర రోడ్డు పక్కన కూర్చుండిపోయి తిరిగొచ్చినవాణ్ణి. రెండోసారి పిలుపు వచ్చింది. వయసు ప్రకారం నాకు అదే ఆఖరిది.

మొదటిసారి ఎందుకు కూర్చున్నానో చెబితే నవ్వుతారు. మా గాజువాకలో షిఫ్టు డ్యూటీలకు పోయే ఇళ్ళలో గడియారాలు ఎప్పుడూ ముందుకే నడిచేవి. ఒకరింట్లో అయిదు నిమిషాలు, ఇంకొకరింట్లో పావుగంట. బస్సు తప్పితే ఆ రోజు పని పోయినట్టే కదా. నేను ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ కింద సరుకుకు కొక్కేలు తగిలించే పని చేసేవాణ్ణి. నా చేతి గడియారం పది నిమిషాలు ముందుకు తిప్పుకున్నది నేనే. పరీక్ష రోజున ఆ సంగతే మర్చిపోయి అదే గడియారంతో వెళ్ళాను. ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర చూసుకుంటే నాలుగు గంటలూ అయిపోయాయి. లోపల నుంచి ఒక గొంతు "అయిపోయిందిరా, ఇంకెందుకు నడవడం?" అంది. చతికిలబడ్డాను. వెనక జీపులో వచ్చిన ఆఫీసరు, "ఇంకా తొమ్మిది నిమిషాలుంది, కూర్చున్నావేమయ్యా?" అన్నాడు. లేవబోతే కాళ్ళు బిగుసుకుపోయి లేవలేదు. ఆ తొమ్మిది నిమిషాలూ అక్కడే కూర్చుని గడిపాను.

అంతకుముందు నాకు అనుమానం తక్కువని కాదు. కూరగాయలు తూకం వేసినవాడి చేతిని చూస్తూ ఉండేవాణ్ణే. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా నమ్మకం పోయింది. మిత్రుడొకడు బలవంతంగా వ్యక్తిత్వ వికాసం క్లాసుకి తీసుకెళ్ళాడు. అద్దం ముందు నిలబడి "నేను గెలుస్తాను" అని రోజూ ఇరవైసార్లు గట్టిగా అనమన్నారు. రెండు రోజులు అన్నాను. మూడో రోజు అద్దంలో వాడు నన్ను చూసే చూపు నాకు నచ్చలేదు. వాడు నన్ను నమ్మడం లేదని తెలిసిపోతోంది.

ఈసారి పరీక్షకు రెండు రోజులు సెలవు కావాలి. సెలవడిగితే కాంట్రాక్టరు, "ఎల్తే ఎల్లు. మళ్ళీ రావక్కర్లేదు," అన్నాడు. ఉన్న పనిని వదులుకుని వెళ్ళి మళ్ళీ రోడ్డు పక్కన కూర్చుంటే మా ఇల్లు గడవదు. అందుకని ముందు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఒక ఆదివారం ఇక్కడే ఇరవై అయిదూ నడవాలి. నాలుగు గంటల్లో అయితే వెళ్తాను. కాకపోతే పిలుపు కాగితం చింపేస్తాను. దానికి సాక్షి మా ఆవిడ రమణమ్మ తమ్ముడు సన్నిబాబు. అతని మోపెడ్ మీటరుతో బీచ్ రోడ్డు మొదట్లో కోస్టల్ బ్యాటరీ దాటాక ఒక వీధి దీపం స్తంభం నుంచి భీమిలి ఊళ్ళోకి మలుపు తిరిగే ముందు టీ బడ్డీ దాకా కొలిచాం. మోపెడ్ పాతది కాబట్టి మీటరు మీద అనుమానం వచ్చి, కిలోమీటరు రాళ్ళ పక్కన నడిపించి మరీ సరిచూశాను. ఇంత చేసినా, శనివారం సాయంత్రం గుమ్మం దగ్గర అక్కా తమ్ముడూ గుసగుసలాడుకోవడం నా కంట పడింది. నన్ను చూసి ఆపేశారు. నాకు అర్థమైపోయింది. నడిచిన దూరం పెంచీ, పట్టిన టైము తగ్గించీ చెప్పి నన్ను ఉత్సాహపరచమని రమణమ్మ చెబుతోంది.

మార్చి నెల. నాలుగున్నరకు లేచి, ఒక గ్లాసు రాగి అంబలి తాగి మోపెడ్ వెనక కూర్చున్నాను. మీరైతే గాజువాక నుంచి మొదటి సిటీ బస్సులో జగదాంబ దాకా వచ్చి, అక్కడ కోస్టల్ బ్యాటరీకి ఆటో ఎక్కండి. ఆ వేళలో ఆటోవాడు పదిహేను రూపాయలు అడుగుతాడు, కదలకుండా నిలబడితే పదికి వస్తాడు. ఆ రోజు నేను గడియారం పెట్టుకోలేదు. ముందు రోజు రేడియోలో టైము చెప్పినప్పుడు సన్నిబాబు గడియారాన్ని నా చేత్తో నేనే సరిచేశాను. సరిచేసి అతనికి ఇచ్చిన క్షణం నుంచే అతని మీద నిఘా మొదలైంది.

"బావా, అయిదున్నర. ఎలిపో," అన్నాడు సన్నిబాబు.

"నిజంగా అయిదున్నరేనా?"

"ఏటి బావా, నడక మొదలెట్టకముందే అనుమానం మొదలెట్టీసినావు!"

మొదటి మూడు కిలోమీటర్లు చల్లగా, చదునుగా ఉంటాయి. ఆర్కే బీచ్‌లో నడకకు వచ్చినవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ పోవాలి. తెల్ల బూట్లు వేసుకున్న ఒక పెద్దాయన నా పక్కన కాసేపు నడిచి, "ఛాతీ ముందుకు పెట్టి, నా వల్ల అవుతుంది అనుకో బాబూ," అని సలహా ఇచ్చి, తర్వాత వచ్చిన బెంచీ మీద కూర్చుండిపోయాడు. జోడుగుళ్ళపాలెం దగ్గర కొండ వారగా రోడ్డు కొంచెం ఎక్కుతుంది. అక్కడ ఊపిరి దాచుకోండి. సన్నిబాబు ముందుకు వెళ్ళి ఆగి, నేను దగ్గరికి రాగానే అరిచాడు.

"ఆరు కిలోమీటర్లు బావా. యాబై నాలుగు నిమిసాలు. సూపర్‌గా ఎల్తన్నావ్!"

ఆ "సూపర్‌గా" దగ్గరే నాకు తేడా కొట్టింది. నిజం చెప్పేవాడికి అంత గొంతెందుకు? రోడ్డు పక్కన ఇడ్లీలు దించుతున్న ఆమెను టైము అడిగితే, వెనక్కి తిరిగి గోడ గడియారం చూసి "ఆరున్నర దాటీసింది బాబూ" అంది. పాల క్యాన్ల సైకిలతను "ఆరుంబావు" అన్నాడు. సన్నిబాబు లెక్క ప్రకారం ఆరూ ఇరవై నాలుగు. ముగ్గురిలో ఎవరిని నమ్మాలో తేలకుండానే సాగర్ నగర్ దాటేశాను. తేలకపోవడం వల్ల, ఎందుకైనా మంచిదని కాస్త జోరు పెంచాను.

రుషికొండ దగ్గరికి పదకొండు కిలోమీటర్లు. "ఏడుంపది" అన్నాడు సన్నిబాబు. ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చాడు. నడుస్తూనే తాగాను. కొబ్బరి బోండాలు ఇక్కడ దొరుకుతాయి కానీ ఆగి తాగాలి, తిరుగు ప్రయాణంలో చూసుకోండి. ఎండ అప్పుడే కుడి చెంప మీద పడుతోంది. పెద్దాయన చెప్పిన మాట గుర్తొచ్చి "నా వల్ల అవుతుంది" అనుకున్నాను. వెంటనే లోపలి గొంతు "ఎవరు చెప్పారు?" అంది. "ఇప్పటిదాకా బాగానే నడిచాను" అన్నాను. "సన్నిబాబు మాట నమ్మి అంటున్నావా?" అంది. నా నోట మంచి మాట వస్తే చాలు, లోపలివాడు పోలీసులా ప్రశ్నలు వేస్తాడు. ఇక నోరు మూసుకుని నడిచాను.

మంగమారిపేట దగ్గర, పదిహేను కిలోమీటర్లు దాటాక, ఎడమ పిక్క పట్టేసింది. సన్నిబాబు ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఉంటానని ముందుకు వెళ్ళిపోయాడు. రోడ్డు మీద నేనొక్కణ్ణే. "అయిపోయింది. పిక్క పోయింది. టైము ఎప్పుడో దాటిపోయుంటుంది," అంది లోపలి గొంతు. కాలీడ్చుకుంటూ ఇసకలోకి దిగి నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం చింపడం ఒక్కటే మిగిలిందనిపించింది.

అక్కడ పెద్దవల లాగుతున్నారు. రెండు తాళ్ళు, ఒక్కో తాడుకి పదేసి మంది ఆడా మగా, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ లాగుతున్నారు. వల ఇంకా నీళ్ళలోనే ఉంది. తాడు మధ్యలో ఒక కుర్రవాడు మూలిగాడు.

"ఇంక రాదు మామా. రాయికి పట్టీసింది."

వెంటనే ఇరవై గొంతులు ఒక్కసారిగా, "సూసొచ్చేవా?" అన్నాయి. అందరూ నవ్వారు. కుర్రవాడూ నవ్వి మళ్ళీ తాడు పట్టాడు. కాసేపటికి ఇంకెవరో "వచ్చీసింది, వచ్చీసింది!" అన్నారు. మళ్ళీ అందరూ అదే ప్రశ్న, "సూసొచ్చేవా?"

ముందు నిలబడి అదిలిస్తున్న ముసలాయన పేరు పోలయ్య. అలా ఎందుకు అడుగుతున్నారని ఆయన్నే అడిగాను.

"వచ్చీసిందంటే సేతులు వదులైపోతాయి బాబూ. రాదంటే కాళ్ళు వదులైపోతాయి. వల నీళ్ళ కిందుంది. ఎవుడు సూసేడు? అందుకే మాకాడ ఆ రెండు మాటల్లో ఏది అన్నా అడిగీడమే, నీళ్ళ కిందకెల్లి సూసొచ్చేవా అని. సూళ్ళేదు కదా? అయితే లాగు." నా కాలు చూసి, "నువ్వెక్కడికేటి?" అన్నాడు.

"భీమిలి. గంటల లెక్కన నడవాలి. ఇంక అవదు తాతా, టైము అయిపోనాది," అన్నాను.

తాడు పట్టుకున్నవాళ్ళంతా నా వైపు తిరిగి, "సూసొచ్చేవా?" అన్నారు.

సిగ్గు ముంచుకొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. తాడు చివరను చుట్టలుగా పేరుస్తున్న ఒకామె, "ఆ తడి ఇసకలో మడమ దిగేసి ముందుకి వంగు బాబూ, పిక్క సాగుతాది," అంది. చెప్పినట్టు చేశాను. మూడు నాలుగు నిమిషాలకు ముడి కొంచెం వదిలింది. వల వచ్చే దాకా ఉండి చూడాలనిపించింది గానీ ఉండలేదు.

రోడ్డెక్కగానే లోపలి గొంతు సిద్ధంగా ఉంది. "పిక్క పోయింది," అంది. సూసొచ్చేవా? కాలు గట్టిగా ఆనించి చూశాను. నొప్పి ఉంది, కానీ ఆనుతోంది. "టైము దాటిపోయింది." సూసొచ్చేవా? గడియారమే లేదు, ఎక్కడ చూశావు? "సన్నిబాబు అబద్ధాలు చెబుతున్నాడు." సూసొచ్చేవా? మీటరు సరిచూసిందీ, గడియారం సరిచేసిందీ నేనే కదా. ఇన్నాళ్ళూ నన్ను ధైర్యపెట్టే ప్రతి మాటనీ నిలదీశాను. నన్ను కూర్చోబెట్టే మాటను మాత్రం ఒక్క ప్రశ్న వేయకుండా నమ్మేవాణ్ణి. నాకున్న అనుమానం సరిపోదని కాదు, అదంతా తప్పు మనిషి మీద ఖర్చయిపోతోందని అప్పుడు తెలిసింది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర నీడ ఉండదు. టోపీ తప్పనిసరి. సన్నిబాబు ఈసారి అరవలేదు, నా మొహం చూసి మామూలుగా చెప్పాడు. "ఇరవై. మూడు గంటల తొమ్మిది నిమిసాలు." అంటే ఇంకా యాభై ఒక్క నిమిషాల్లో అయిదు కిలోమీటర్లు నడవాలి. "ఇంక వచ్చేసినట్టేలే, కాస్త నెమ్మదిగా పోదాం," అంది లోపలి గొంతు, ఈసారి తీయగా. దానికీ అదే ప్రశ్న వేశాను. ఆఖరి రెండు కిలోమీటర్లలో భీమిలి కొండ కనిపిస్తూనే ఉంటుంది కానీ దగ్గరవదు. దాని వైపు చూడకండి. నేను నా చెప్పుల ముందు రోడ్డునే చూసుకుంటూ నడిచాను.

టీ బడ్డీ దగ్గర సన్నిబాబు గడియారాన్ని అరచేత్తో మూసి నిలబడ్డాడు.

"ఎంతయ్యుంటాది బావా?"

నాలుగు గంటల పది నిమిషాలు పట్టుంటుందని లోపల ఎవడో ఒట్టేసి చెబుతున్నాడు. "తెలీదు. నాను సూళ్ళేదు," అన్నాను.

చెయ్యి తీశాడు. తొమ్మిదీ ఇరవై ఆరు. మూడు గంటల యాభై ఆరు నిమిషాలు. నాలుగు నిమిషాలు మిగిలాయి.

బల్ల మీద కూర్చుని, టీ గ్లాసు చేతికొచ్చాక అడిగాను. "నిన్న మీ అక్క నీకేటి సెప్పినాది? నిజం సెప్పు."

సన్నిబాబు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "‘మీ బావకి ఒక్క నిమిసం తగ్గించి సెప్పకు, ఒక్క నిమిసం పెంచి సెప్పకు. ఓడిపోతన్నా నిజమే సెప్పు. ఒకపాలి అబద్దం గడియారాన్ని నమ్మి సెడిపోనాడు’ అన్నాది బావా. నీ ముందు సెప్తే నువ్వు బాధ పడతావని ఆగిపోనాది."

నాకు ఏడుపొచ్చింది. రోడ్డు పక్కన, లారీలవాళ్ళ ముందే ఏడ్చాను. దారి పొడవునా ఆ ఇద్దరి నిజాన్ని ఎంత చులకనగా చూశానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మీకు తిరుగు ప్రయాణానికి భీమిలి నుంచి విశాఖకు బస్సులు తరచుగా ఉంటాయి, గంట పైన పడుతుంది. మేము మోపెడ్ మీదే వచ్చాం. మంగమారిపేట దగ్గర ఆపమన్నాను గానీ, వల అప్పటికే ఒడ్డెక్కేసింది, మనుషులు వెళ్ళిపోయారు. ఎన్ని చేపలు పడ్డాయో నేను చూడలేదు కాబట్టి రాయడం లేదు.

మర్నాడు కాంట్రాక్టరు పని వదిలేశాను. పరీక్ష రోజున సరిగ్గా ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర పాత గొంతు మళ్ళీ వచ్చింది. "అయిపోయిందిరా," అంది. సూసొచ్చేవా అని అడిగాను. చూసి రాలేదు, దానికెప్పుడూ కళ్ళు లేవు. దాన్ని అక్కడే కూర్చోబెట్టి నేను నడిచి వెళ్ళిపోయాను. ఇప్పుడు మన్యంలో రోజూ అడవి దారుల్లో తిరగడమే నా పని. అనుమానం పోలేదు, పోగొట్టుకోవాలని కూడా లేదు. దాన్ని ముందుగా ఎవరి మీద వాడాలో తెలిసింది, అంతే.

ఈ దారిలో నడవాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. అయిదున్నరకల్లా బయల్దేరండి, టైము పక్కవాళ్ళకు అప్పగించండి. చేతికి గడియారం ఉండాల్సిందేనంటే, ముందు రోజు రేడియో విని సరిచేసుకోండి. షిఫ్టు బస్సు కోసం ముందుకు తిప్పిన గడియారాన్ని మాత్రం ఇంట్లో వదిలి రండి.