పెట్టెబండికి వేసిన తెల్లరంగు

మా పెట్టెబండికి రంగు నేనే వేస్తానని పంతం పట్టాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం మనిషిని. ఆ బండి, కాలవల పనులు చూసే ఇంగ్లీషు దొర ఒకాయన బదిలీ మీద వెళ్లిపోతూ మా నాన్నకి అమ్మేసినది. నాన్న పోయాక మా బళ్ల సావిట్లో మూల పడి ఉంది. చక్రాలు గట్టివే, పెట్టె గట్టిదే, రంగు మాత్రం కారునలుపు. నా భార్యకి ఏడో నెల వచ్చింది. ఆమెను పురిటికి ఆ బండిలో కాలవగట్టు మీదుగా పుట్టింటికి తీసుకువెళ్తానంటే మా అమ్మ ససేమిరా అంది.

“కడుపుతో ఉన్న పిల్లని నల్లబండి ఎక్కిస్తావా? నీకేమన్నా మతి పోయిందేంట్రా?”

“అయితే పచ్చరంగు వేస్తాను, పెళ్లిపల్లకీలా ఉంటుంది” అన్నాను.

పక్క ఊళ్లో దేవుడి వాహనాలకి రంగులు వేసే ముసలాయన ఉండేవాడు. ఆయన్ని పిలిపిస్తే నాలుగు రోజుల్లో పని అయిపోయేది. కానీ ఒకరు చేసిన పని నాకు నచ్చదు. ఆయన దగ్గర పని అడిగి తెలుసుకుని, సరుకు తెచ్చుకున్నాను. పాత రంగు గీకాలి, బీటలు పూడ్చాలి, తెల్లరంగు రెండు పూతలు వేసి ఆరనివ్వాలి, ఆ తరవాతే పైరంగు. ఆ తెల్లరంగు పేరు సపేదా, సీసం నుంచి తీస్తారు. గడ్డలుగా దొరుకుతుంది. దాన్ని నూరి అవిసెనూనెలో కలపాలి. రెండు గడ్డలు నా చేతిలో పెడుతూ ఆయన ఒక మాట చెప్పాడు.

“ఇది నోట్లోకి పోకూడదండి బాబూ. నాలిక్కి తియ్యగానే ఉంటుంది. మా నాన్న కుంచె కొస నోటితో తడుపుకునేవాడండి. ఆఖరికి మణికట్లు రెండూ వేలాడిపోయాయి. కడుపునొప్పితో మెలికలు తిరిగి పోయాడండి.”

అన్నీ తెలిసినవాడిలా తల ఊపాను. ఇంటికొచ్చి గడ్డలు రెండూ మూకుట్లో పెట్టి, సావిడి గోడకున్న గూట్లో ఉంచాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రంగుల సంగతి ఆడవాళ్లకెందుకు అనుకున్నాను. అంతకంటే బుద్ధితక్కువ ఆలోచన నా జన్మలో మరొకటి రాలేదు.

గీకుడికి నాలుగు రోజులు పట్టింది. మొదటి పూతకి ఒక గడ్డలో సగం సరిపోయింది. మర్నాడు శుక్రవారం. పొద్దున్నే రెండో పూతకని గూట్లో చెయ్యి పెడితే సగం గడ్డ ఉంది, నిండు గడ్డ లేదు. ఎలకలు ఎత్తుకుపోయాయేమో అనుకున్నాను. మూకుడు వెలుతురులోకి తెచ్చి చూశాను. అంచు మీద వేళ్ల గుర్తులు పచ్చగా అంటుకుని ఉన్నాయి. పసుపు.

మా ఇంట్లో ఆడవాళ్లు ముగ్గురు. అమ్మా, మేనత్తా పసుపు మాని ఏళ్లయింది. ఆ ఇంట్లో పసుపు చేతులు ఒక్కరివే.

వారం కిందటి మాట గుర్తొచ్చింది. దేవుడి గూట్లో విభూది ఉండలు తరిగిపోతున్నాయని అమ్మ గొణిగితే మేనత్త నవ్వింది. “కడుపుతో ఉన్నప్పుడు మనం మాత్రం తినలేదేంటి వదినా? నేను గోడలే గీక్కు తిన్నాను” అంది. విభూది ఉండకీ సపేదా గడ్డకీ చూపులో తేడా లేదు. బండి చక్రం పట్టుకుని నిలబడ్డాను.

వెళ్లి అడగవచ్చు కదా అంటారు ఇప్పటి పిల్లలు. ఆ రోజుల్లో పెద్దవాళ్ల ఎదట, పట్టపగలు, పెళ్లాంతో మాట్లాడడం లేదు. మంచినీళ్లు కావలసినా గోడకి చెప్పినట్టు చెప్పాలి. పోనీ అమ్మతో అడిగించవచ్చు. కానీ విషం తెచ్చి ఇంట్లో పెట్టానని ఏ నోటితో చెప్పను?

వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. అమ్మ తలెత్తి “ఏంట్రా?” అంది. మజ్జిగ కావాలన్నాను. అమ్మ చెంబుతో ఇచ్చింది. తలుపు చాటున నా భార్య బియ్యం ఏరుతోంది, గాజుల చప్పుడు వినబడింది. చేతులు ఆడుతున్నాయి కదా, ఏమీ కాలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. మజ్జిగ తాగి సావిట్లోకి వచ్చేశాను.

ఎలకలే అనుకుంటూ సగం గడ్డా నూరాను. నూనె కలిపాను. ఒక తలుపుకి పూత వేశాను, గీతలు గీతలుగా వచ్చింది. మళ్లీ వెళ్లాను. గుడ్డపేలిక కావాలన్నాను. మేనత్త విసిరేసింది. మళ్లీ వచ్చేశాను. కాలుగాలిన పిల్లిలా ఆ బండి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. పొద్దు నడినెత్తికి వచ్చింది.

అప్పుడు అమ్మ గొంతు వినబడింది. “అదేంటమ్మా, కడుపు పట్టుకుని అలా కూర్చుండిపోయావు?”

ఎలా పరుగెత్తానో తెలియదు. రంగు చేతులతో వంటింట్లోకి వెళ్లి నా భార్య ముందు నిలబడ్డాను.

“సావిడి గూట్లో తెల్లగడ్డ నువ్వు తిన్నావా?”

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నా భార్య తల వంచుకుంది. ముఖం పాలిపోయి ఉంది.

“విభూది అనుకున్నానండి.”

“ఎంత తిన్నావు?”

“పొద్దున్న కొంచెమేనండి. మిగిలింది కొంగున కట్టుకున్నాను. మీరు మజ్జిగ తాగి వెళ్లాక తినేశాను. తియ్యగా ఉందండి.”

అమ్మకి అదేమిటో నేను చెప్పేలోపే సగం అర్థమైంది. ఉప్పునీళ్లు గొంతులో పోసి, వేలు పెట్టి కక్కించింది. తెల్లగా వచ్చింది. వైద్యుడు వచ్చి నాడి చూసి, “తల్లి బతుకుతుందండి. లోపలిదాని సంగతి నేను చెప్పలేను” అన్నాడు. మూడు రోజులు ఆమె కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. గంటకోసారి అమ్మ “కదిలిందా?” అని అడిగేది. ఆమె ఏం చెబుతుందా అని నేను గోడ ఇవతల ఊపిరి బిగబట్టి వినేవాణ్ని. రెండో రోజంతా “లేదండి” అనే మాటే వినబడింది. అంత భయం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు. మూడో రోజు మధ్యాహ్నం “కదిలిందండి” అంది. నేను గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఆ బండిని మళ్లీ ముట్టుకోలేదు. ఆమె పడవ మీద పుట్టింటికి వెళ్లింది. అమ్మాయి పుట్టింది, బతికింది. మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఆ ఆలస్యమంతా నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పటికీ అమ్మాయికి కడుపునొప్పి అంటే నా చేతులు చల్లబడతాయి.

నా భార్య మాత్రం ఆ రోజు గురించి ఎవరొచ్చినా గర్వంగా చెబుతుంది. “అత్తగారి ఎదట, పట్టపగలు, నాతో మాట్లాడారమ్మా. నామీద బెంగతో సిగ్గు కూడా వదిలేశారు. ఏ మొగుడు చేస్తాడు?” అంటుంది. నేను తల వంచుకుంటాను. నన్ను పొగిడితే నాకు సిగ్గని చుట్టాలు నవ్వుతారు. మజ్జిగకి వచ్చినప్పుడే నాకు తెలుసునని ఆమెకి ఈనాటికీ చెప్పలేదు.