తుకారాం సార్ ఇంటి లోను

తుకారాం సార్‌కు బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్నదల్లా అడిగే జబ్బు.

ఆయన పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేసి రిటైరయ్యారు. అప్పుడొచ్చిన పైసల్లో ఏడు లక్షలు మ్యూచువల్ ఫండులో పెట్టారు. ఇంటి మీద మా బ్యాంకులో లోను ఇంకా ఆరు లక్షలుంది. ఫండు తీసి లోను కట్టెయ్యాలా, లోను దారిన లోనును పోనిచ్చి ఫండు ఉంచుకోవాలా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకొని ఆయన మూడేళ్లుగా ఆర్మూర్‌ను నిద్రపోనివ్వడం లేదు. లోన్ల కౌంటర్లో కూర్చున్న పాపానికి నన్ను అసలే పోనివ్వడం లేదు.

మార్కెట్ యార్డులో పసుపు రేటు కోసం కూర్చున్న రైతులను అడిగితే, వాళ్లు రేటు సంగతి మరిచిపోయి రెండు పార్టీలయ్యారు. పంటి డాక్టరును నోరు తెరిచి పెట్టుకునే అడిగారట. "ఏమన్నడో తెల్వలే గానీ, 'ఫండు' అన్నది మాత్రం సమజైంది," అని ఆ డాక్టరే నాతో చెప్పాడు. ఒకసారి పక్కనే ఉన్న పెర్కిట్‌లో దిగాల్సిన ఆటోలో, డ్రైవర్ అభిప్రాయం పూర్తి కాలేదని ఎక్కడో ఉన్న ఇందల్వాయి దాకా పోయారు. రానూపోనూ కిరాయి ఆయనే ఇచ్చుకున్నారు.

చాయ్ హోటల్ రషీద్ భాయ్ ఒకరోజు, "అప్పు మెడ మీద కత్తి సాబ్, తీసి పారెయ్," అన్నాడు. మర్నాడు, "షేర్లు పెరుగుతయంట సాబ్, ఉంచు," అన్నాడు.

"నిన్న గట్లంటివి?"

"నిన్న పేపర్ సదవలే సాబ్."

ప్రతి మంగళవారం సార్ మా బ్యాంకుకు వచ్చేవారు. ఒక్కరే కాదు, ఎవరో ఒకర్ని తోడు తెచ్చుకునేవారు. "స్నేహలతా, నువ్వైతే ఏం జేస్తవు బిడ్డా?"

నేను పాఠం అప్పజెప్పేదాన్ని. "సార్, లోను మిత్తి ఎనిమిదిన్నర శాతం. అది పక్కా. ఫండు పన్నెండు ఇయ్యచ్చు, పడిపోనూ వచ్చు. దవాఖాన ఖర్చులకు కొంత చేతిల ఉంచుకోండ్రి. తర్వాత మీ ఇష్టం." ఇది ఎన్నిసార్లు చెప్పానంటే, పక్కన క్యాష్ కౌంటర్లో సుమన్ నోట్లు లెక్కపెడుతూనే నాతోపాటు పెదవులు కదిపేవాడు.

సార్ శ్రద్ధగా విని లేచేవారు. "మంచిగ జెప్పినవ్. జర ఇంకొకల్ని అడిగి చూస్త."

మొన్న మార్చిలో ఒక మంగళవారం సర్వర్ నడవనని మొరాయించింది. పసుపు అమ్ముకున్న రైతులతో లైను గేటు దాకా ఉంది. నా తల పగిలిపోతోంది. అప్పుడు వచ్చారు సార్. వెంట దొంకేశ్వర్ నుంచి నీలవ్వ. అరవై దాటినా ఇంకా బీడీలు చుడుతుంది.

"బిడ్డా, నా ఫండు..."

"సార్!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మూడేండ్లాయె. కట్టరు, ఉంచరు. నన్ను బతకనియ్యరా?"

లైనంతా నా వైపే చూసింది. సార్‌కు కోపం రాలేదు. తాపీగా నీలవ్వ వైపు తిరిగారు.

"ఆమెకు తలకాయ నొస్తున్నట్టుంది. నువ్వు జెప్పు నీలవ్వా. నువ్వైతే ఏం జేస్తవు?"

నీలవ్వ కొంగు సర్దుకుంది. "నేనైతే పైసలు ముట్ట సారూ. గట్లనే ముట్టకుంట ఉంచిన. ముసలితనానికని లక్షన్నర గీ బ్యాంకులనే డిపాజిట్ ఉన్నది. బయట తెచ్చిన అప్పు లక్ష వేరే ఉన్నది. దాని మిత్తి బీడీల పైసలల్ల కడుతున్న."

నేను పెన్ను కింద పెట్టాను. "మిత్తి ఎంతవ్వా?"

"నూటికి మూడు రూపాలు. నెలకు మూడు వేలు. నాలుగేండ్లాయె బిడ్డా."

ఆమె డిపాజిట్ మీద మేమిచ్చేది నెలకు ఎనిమిది వందల చిల్లర. అది చెప్పాను. వేలకు వేలు బీడీలు లెక్కపెట్టిన మనిషి, ఇట్టే పట్టుకుంది.

"అంటే, ఉత్తగనే కట్టిన్నా గిన్ని పైసలు?"

"ఇన్నేండ్లు ఎవ్వరూ చెప్పలేదా అవ్వా?"

"నన్నెవలడిగిండ్రు బిడ్డా? అప్పున్నదని ఊరంత చాటుకుంటనా?"

సర్వర్ లేచాక ఆ రోజే డిపాజిట్ తీసింది. యాభై వేలు మళ్లీ వేసి, లక్ష పట్టుకొని అప్పు తీర్చడానికి పోయింది. ఆమె వెళ్లాక నాకు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. పిండిగిర్ని లక్ష్మీరాజం, సార్ వెంట వచ్చిన వారమే, కుదువపెట్టిన బంగారం విడిపించుకున్నాడు. రషీద్ భాయ్ రోజువారీ ఫైనాన్స్ అప్పు వదిలించుకున్నాడు.

"సార్, ఇదంతా తెలిసే చేస్తున్నరా?"

సార్ కొంచెం సిగ్గుపడ్డారు. "నీకు అప్పున్నదా అంటే ఎవలన్న చెప్తరా బిడ్డా? నాకున్నది, ఏం జెయ్యాలె అంటే, సలహా జెప్పుకుంట జెప్పుకుంట వాళ్లది కూడ బయటపెడ్తరు. ముప్పై ఏండ్లు బర్లకు మందు పోసిన. అవి నయం. నొప్పుంటే తోకన్న కొడతయి."

"మరి మీ లోను? అదంతా ఉత్తదేనా?"

సార్ మొహం పాలిపోయింది. "గది నిజంగనే తెల్వక అడుగుతున్న బిడ్డా."

నేను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. "ఇంట్ల అమ్మనడిగిండ్రా?"

ఆయన తల గోక్కున్నారు. "అడగలే."

తర్వాతి మంగళవారం భార్య రత్నవ్వను వెంటబెట్టుకొచ్చారు. ఆమె కుర్చీలో కూర్చోకముందే తీర్పు చెప్పింది. "సగం కట్టాలె, సగం ఉంచాలె. మూడేండ్ల కింద అడిగితే మూడేండ్ల కిందనే చెప్తుంటి. పెండ్లిచూపులప్పుడు గూడ గీ పిల్లను చేసుకోవాల్నా అని ఊరంత అడిగి, ఆఖరికి నా తానికొచ్చిండు."

మరో రెండు వారాలకు ఫండులోంచి మూడు లక్షలు వచ్చి లోనులో జమయ్యాయి. భార్యాభర్తలిద్దరికీ రసీదు చూపించి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. సార్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత కౌంటర్ మీదికి వంగారు.

"బిడ్డా, ఇప్పుడు నెల కిస్తు తగ్గించుకోవాల్నా, కట్టే ఏండ్లు తగ్గించుకోవాల్నా? నువ్వైతే ఏం జేస్తవు?"

ఏండ్లే తగ్గించుకోండ్రి అందామని నోరు తెరిచాను.

"నేనైతే సార్..." అన్నాను. "నాకు క్రెడిట్ కార్డు మీద ఎనభై వేల అప్పున్నది."

సుమన్ నోట్ల లెక్క తప్పాడు. సార్ కుర్చీ ముందుకు లాక్కున్నారు. అయితే ఆయనకంటే ముందు రత్నవ్వే అడిగింది.

"మిత్తి ఎంత బిడ్డా?"