ఆమె మాటను దిద్దిన చోట

పోయిన గురువారం మా ఆవిడ చనిపోయింది. ఎల్బీనగర్ దవాఖానలో, పగలు పదకొండున్నరకు. ఆ పొద్దున తల దువ్వమంది. దువ్వాను. రెండు చెంచాల నీళ్లు తాగింది. "కేబుల్ పలికిందా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. "పలుకుతది తియ్" అంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఆ కేబుల్ సంగతి చెప్పాలి. ఎల్బీనగర్ దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఆమె పాఠాలు చెప్పేది. విద్యార్థులు కంప్యూటర్లో రాసిన ప్రోగ్రాంను చిన్న బోర్డులోకి ఎక్కించేది ఆ కేబులే. చూడ్డానికి మామూలు వైరు. కానీ తయారుచేసిన కంపెనీ సాఫ్ట్‌వేర్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ వదిలేసింది. కొత్త కంప్యూటర్లలో అది నడవదు. బాగున్న బోర్డులను తుక్కుకు పంపుతామన్నారు కాలేజీవాళ్లు.

"కొన్నది మనం. తాళంచెవి ఆళ్ల కాడ ఎందుకుండాలె?" అంది మా ఆవిడ.

మిగిలిన ఒక్క పాత కంప్యూటర్‌ను మా దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాట్‌కు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. అది కేబుల్‌కు పంపే ప్రతి సందేశాన్నీ ఆమె పట్టుకుని రాసుకునేది. ఏడాది పైగా ఒళ్లో కంచాలు పెట్టుకుని తిన్నాం. వాటిని బట్టి, ల్యాబ్‌లోని మూడు రకాల కేబుళ్లలో రెండింటికి తనే ప్రోగ్రాంలు రాసి, ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఒకసారి పనిచేసిందని నేను సంబరపడితే ఒప్పుకునేది కాదు. "పదిసార్లు తీసి పెట్టి చూడు, అప్పుడు చెప్పు."

ఆమెది అల్మాస్‌గూడ. నాది తెనాలి వైపు. బడి పుస్తకాల అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు ఒకరి భాషకు ఒకరం వంకలు పెట్టుకున్నాం. "మీ అండీలు, గార్లు తీసేస్తే ఏం మిగుల్తది? చెయ్యూపుడే" అనేది. "నీ మాటలు దిద్దాలంటే ఎర్ర సిరా చాలదు" అనేవాణ్ణి.

మూడో కేబుల్ పని సగంలో ఉండగా దవాఖానలో చేరింది. వేళ్లు వణికేవి. "నేను చెప్త, నువ్వు రాయి" అంది. నాలుగు రోజులు చెప్పింది. నేను పంపిన ఆ కాగితాల ఫోటోలు చూసి, ల్యాబ్‌లో ఆమెతో పనిచేసే అమ్మాయి ప్రోగ్రాం రాసింది. దాన్ని నడిపితే కేబుల్ ఒక చోట బిగుసుకుపోయి ఇక పలకలేదు.

"సార్, మీరు పంపింది పంపినట్టే రాసిన. ఏడ తప్పుందో తెలుస్తలేదు" అంది ఫోన్లో.

మా ఆవిడను అడగబుద్ధి కాలేదు. అప్పటికే ఆమెకు నీళ్లు మింగడం కష్టంగా ఉంది.

ఇవాళ మధ్యాహ్నం మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, ఇల్లు సర్దుతోంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అన్నం తినమన్నాను.

"మల్ల తింట బావా" అంది.

లేచి వెళ్లి కాగితాలు తీశాను. మా ఆవిడ చెప్పింది నాకు బాగా గుర్తుంది. "పాతది చెరపమని పంపాలె. జర ఆగాలె. మల్ల పంపాలె." నేను రాసుకుంటూ 'ఆగాలె'ను 'ఆగాలి' చేశాను. 'మల్ల'ను 'మళ్ళీ' చేశాను. ఆమె 'మల్ల' అన్నది 'తర్వాత' అని. ఆగి, తర్వాత కొత్త ప్రోగ్రాం పంపాలి. నా 'మళ్ళీ' అంటే ఇంకోసారి. పాపం ఆ అమ్మాయి, చెరపమనే ఆజ్ఞను రెండుసార్లు పంపింది. రెండోదాని దగ్గరే కేబుల్ ఆగిపోయింది.

ముప్పై ఏళ్లుగా ఆ 'మల్ల' వింటున్నాను. "మల్లొస్త" అని బయటికెళ్లే మనిషికి రోజూ తలుపు తీశాను. కలం పట్టుకునేసరికి మాత్రం దిద్దడం తప్ప వినడం రాలేదు.

ల్యాబ్ అమ్మాయికి ఫోన్ చేశాను.

"అయ్యో సార్! నాక్కూడా తట్టలే. మీరు రాసింది పుస్తకం లెక్క ఉండె. మేడం మాట లెక్క లేకుండె" అంది. "ఎల్లుండి తుక్కు బండి ఒస్తది సార్" అంది.

"రేపు నేనే వస్తున్నాను" అన్నాను.

రేపు పొద్దున తొమ్మిదింటికి ల్యాబ్ తెరుస్తారు. ఎనిమిదిన్నరకే అక్కడుంటాను. నా తప్పు వల్ల వచ్చిన ఆ రెండో ఆజ్ఞను తీయిస్తాను. కొత్త ప్రోగ్రాం బోర్డులోకి ఎక్కేదాకా కుర్చీలోంచి లేవను. ఎక్కాక, ఇంటర్నెట్‌లో ఆమె ప్రోగ్రాంలు పెట్టిన చోట, పొరపాటు నాదని నా పేరుతో రాస్తాను. దాని కింద ఆమె మూడు వాక్యాలూ ఆమె అన్నట్టే రాస్తాను. ఒక్క అక్షరం దిద్దను.