సింహం గిన్నెలో పెరుగన్నం

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. పోయినవాళ్ళు మన దగ్గరికి తిరిగి రారని చిన్నప్పటి నుంచీ విన్నాను, నమ్మాను. మా ఆయన పోయిన గదిలోనే ఏళ్ళ తరబడి ఒక్కదాన్నే పడుకున్నాను. ఏ రోజూ చిన్న చప్పుడు కూడా వినలేదు. ఇది చాదస్తంతో రాస్తున్నది కాదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మేముండేది సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లో. మా అమ్మాయి ఇక్కడ నర్సు. మనవడిని శనివారం తెలుగు బడికి తీసుకెళ్ళి, వెనక కుర్చీలో కూర్చుని, వాడితో పాటు నేనూ అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లీషు చదవడం మాత్రం ఇప్పటికీ అంతంతే. అందుకే జంతువుల షెల్టర్‌లో వాలంటీరుగా చేరినప్పుడు నాకు గిన్నెలు కడిగే పని ఇచ్చారు. "ఇంట్లో గిన్నెలు చాలడం లేదా అమ్మా?" అని మా అమ్మాయి ఎగతాళి చేసింది.

పొద్దున్నే కుక్కల గదుల్లోంచి గిన్నెలు తెచ్చి, వేడినీళ్ళలో మందు వేసి కడిగి బోర్లించాలి. ఏ కుక్క తిన్నది, ఏది వదిలేసింది లిన్‌కి చెప్పాలి. లిన్ కుక్కల విభాగం చూసుకునే ఆవిడ. మంచి మనిషే గానీ నియమం దగ్గర చాలా గట్టిది. బయటి తిండి లోపలికి తేకూడదన్నది అక్కడి మొదటి నియమం. ఒక కుక్కకి కడుపు చెడితే వరసంతా పాకుతుందని.

ఒకరోజు వెళ్ళేసరికి చివరి గదిలో ఒక ముసలి కుక్క ఉంది. తెల్లటి బొచ్చు, ఒళ్ళో పట్టేంత ఉంటుంది. దాని పేరు సింహం. అక్కడివాళ్ళకి నోరు తిరగక సిమ్ అనేవారు. గిరావీన్‌లో ఒక ఇంటి వెనక చిన్న పోర్షన్‌లో ఉండే తెలుగావిడది అట. ఆవిడ చనిపోయింది. కొడుకు ఉంటున్నది నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న ఇల్లు, అక్కడ కుక్కని ఉండనివ్వరు. తల్లి అస్థికలు తీసుకుని రాజమండ్రి వెళుతూ, తిరిగొచ్చేదాకా చూడమని దీన్ని ఇక్కడ అప్పగించాడు.

సింహం తిండి ముట్టలేదు. డాక్టరమ్మ చూసి, కిడ్నీలు బాగాలేవు, ఇలాగే పస్తుంటే బాధపెట్టకుండా సూది వేసెయ్యాలి అంది. నిద్రపుచ్చడం అంటారు వాళ్ళు. కొడుకు ఫోను కలవలేదు. దానికి తెలుగే అర్థమవుతుందని లిన్ నన్ను దాని దగ్గర కూర్చోబెట్టింది. "ఏం సింహం, అన్నం తినవా?" అంటే చెవులు రెండూ నిలబెట్టి నా మొహంలోకి చూసింది. తర్వాత తలుపు వైపు తిరిగి పడుకుంది. ఇంటి నుంచి కాస్త పెరుగన్నం తెస్తానని లిన్‌ని అడిగాను. కుదరదంది. నేను తేలేదు.

మర్నాడు దాని గిన్నె ఎత్తితే లోపల పెరుగు చారలున్నాయి. మెత్తగా పిసికిన అన్నం. అల్లం వాసన. అడుగున, మనం ఆఖరున ఊడ్చినట్టు, నాలుగు వేళ్ళ గీతలు. గిన్నె అంచుకి ఒక చిన్న ముద్ద అద్ది ఉంది. పక్క గిన్నెలో ముందు రోజు వేసిన కిడ్నీల మందు తిండి వేసినట్టే ఉంది.

లిన్‌కి కోపం వచ్చింది. ఎవరైనా ఏమనుకుంటారు? అక్కడ పెరుగన్నం కలిపేది నేనొక్కదాన్నే. ఎంత చెప్పినా నమ్మలేదు. కుక్కల వైపు రావద్దని, దుప్పట్లు ఉతికే గదిలో ఉండమంది. చిన్నబోయి ఇంటికొచ్చాను. మర్నాడు మనవడికి జ్వరమొచ్చి వెళ్ళలేదు. ఆ పూటా గిన్నెలో పెరుగన్నమే.

అప్పుడు లిన్ నడవాలో ఉన్న కెమెరా రికార్డింగు చూసింది. ఆ తర్వాత నన్ను పిలిచి, తలుపు వేసి, నాకూ చూపించింది.

అప్పుడే తెల్లవారుతోంది. నడవాలో ఎవరూ లేరు. సింహం లేచి జాలీ తలుపు దగ్గరికొచ్చింది. తోక ఊపింది. కుదురుగా కూర్చుని మెడ పైకెత్తింది. నోరు తెరిచింది, మూసింది, నమిలింది. మళ్ళీ తెరిచింది. ఎవరో వంగి ముద్దలు పెడుతుంటే తిన్నట్టు. ఎదురుగా మనిషి లేదు. గిన్నె ఉన్న మూల కెమెరాకి కనిపించదు. అంతసేపూ మిగతా కుక్కలు ఒక్కటీ మొరగలేదు. మామూలుగా ఈగ వాలినా మొరుగుతాయవి.

లిన్ నాకు సారీ చెప్పింది. వారాంతంలో వచ్చే పంజాబీ అమ్మాయిని కూడా అడిగింది. ఆ అమ్మాయి ఆ వారం అసలు ఆ వైపే రాలేదు.

సింహం కోలుకుంది. లేచి తిరిగింది. గిన్నె తీయడానికి వెళితే నా చీర కుచ్చిళ్ళు వాసన చూసేది. డాక్టరమ్మ సూది మాట పక్కన పెట్టింది. ఎవరు పెడితేనేం, బతికితే చాలనుకున్నాం. లిన్ మళ్ళీ కెమెరా తెరవలేదు. నేనూ అడగలేదు. గిన్నెలు మాత్రం ప్రార్థన చేసుకుని ఎత్తేదాన్ని.

బుధవారం పొద్దున గిన్నె పొడిగా ఉంది.

సింహం తలుపు దగ్గరే కూర్చుని ఉంది, మెడ పైకెత్తి. మధ్యాహ్నానికీ అక్కడి నుంచి కదలలేదు. సాయంత్రం లిన్ నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఆ అన్నం నువ్వు చేసి తీసుకురాగలవా?" అంది. నియమం సంగతి ఇద్దరం ఎత్తలేదు.

అన్నం మెత్తగా వండాను. పెరుగు పోసి పిసికాను. అల్లం దంచి వేశాను. ఆఖరి ముద్ద గిన్నె అంచుకి అద్దాను. గురువారం దాని ముందు కూర్చుని చేత్తో నోటికి అందించాను. వాసన చూసింది. నా భుజం మీదుగా నడవా వైపు చూసింది. నోరు తెరవలేదు.

ఆ సాయంత్రానికి లేచి నిలబడలేకపోయింది. సూది వేసేటప్పుడు తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. చివరిదాకా దాని కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

శుక్రవారం కొడుకు వచ్చాడు. గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. చేతిలో కొత్త గొలుసు. కుక్కని ఉంచుకోనిచ్చే ఇల్లు దొరికిందట. లిన్ చెప్పిన మాట విని కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను తెలుగులో పలకరించాను.

"మంగళవారం పెద్దకర్మ అయింది ఆంటీ. పిండాలు గోదావరిలో కలిపి, ఆ రాత్రే బయల్దేరాను," అన్నాడు.

మంగళవారం అని విన్నాక వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను.

"అసలేమైనా తిన్నదా ఆంటీ ఇక్కడ?"

కొన్నాళ్ళు బాగానే తిన్నది, పెరుగన్నం తిన్నది అన్నాను. అతను తలెత్తాడు.

"అల్లం వేసా? అమ్మ అలాగే కలిపేది. ఆఖరి ముద్ద గిన్నె అంచుకి అద్దేది. నేను అచ్చం అలాగే చేసి పెట్టినా నా చేత తినేది కాదు." నా వైపు తిరిగి అడిగాడు, "ఎవరు పెట్టారు ఆంటీ?"

కెమెరా సంగతి నోటిదాకా వచ్చింది. కానీ అతను తల్లిని సాగనంపి వచ్చాడు. ఆ పని అయిన మర్నాటి నుంచే గిన్నెలో పెరుగన్నం లేదని ఎలా చెప్పను? మా విశ్వాసంలో ఆ కర్మలూ లేవు, తిరిగి రావడాలూ లేవు. అయినా చెప్పలేకపోయాను.

"నేనే పెట్టాను బాబూ," అన్నాను.

అతను నా కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ చెయ్యి పెట్టింది సింహం ఒక్క మెతుకు కూడా తినలేదు. అది తిన్నది ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.