దానమ్మ గరిక మడి

దానమ్మకు కోపం వస్తే మామూలుగా అరవదు. చీపురు పట్టుకుంటే చీపురు విరుగుతుంది, గిన్నె పట్టుకుంటే గిన్నె సొట్టపోతుంది, అంతే. ఆ శుక్రవారం పొద్దున్న మాత్రం నోరు తెరిచింది. కాలవ అవతలి గట్టున గేదెల్ని కడుగుతున్నవాళ్లు కూడా పని ఆపి ఇటు చూశారు.

"ఎవడు చెక్కేడు నా గడ్డి? చెప్పండి, ఎవడు చెక్కేడు?"

కొబ్బరిచెట్ల మధ్య ఎర్రగా చెక్కేసిన నేల. నిన్న సాయంత్రం వరకూ అక్కడ పచ్చటి గరిక ఉండేది. మస్కట్ నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ దానమ్మ దాన్ని బిడ్డలా పెంచింది. కొడవలితో కోసి, కత్తెరతో సమం చేసి, నీళ్లు నింపిన డ్రమ్ము దొర్లించి అణిచింది. మధ్యలో పాలపొడి డబ్బా ఒకటి నేలలోకి పాతింది. ఇప్పుడా డబ్బా కూడా లేదు. ఎవడో పారతో పెకలించి గట్టు మీదకి విసిరేశాడు.

అన్నయ్య ప్రేమ్ కుమార్ లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. రాజోలు డిపోలో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఇంట్లోనూ టిక్కెట్టు కొట్టినట్టే ఉంటుంది ఆయన వ్యవహారం. తనే తేల్చేసి చేతిలో పెట్టేస్తాడు.

"నేనే చెక్కించేనమ్మా. ఆదివారం తోటలో కూటం పెట్టించేను. పాస్టరుగారు వస్తున్నారు. నీ ఉద్యోగం కోసమే ప్రార్థన. తోటంతా గడ్డి పట్టి ఉంటే ఏం బాగుంటుంది చెప్పు?"

దానమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ ఉద్యోగానికి కావాల్సిందే ఆ గడ్డి!

గోదావరి గట్టున కొత్తగా ఒక రిసార్టు వెలిసింది. దాని యజమాని ప్రభాకరరావుగారు వెనకాల చిన్న గోల్ఫ్ మైదానం వేయించారు. వచ్చే అతిథులకి, వాళ్ల పిల్లలకి ఆట నేర్పే మనిషి కావాలి. దానమ్మకు ఆ ఆటలో ఒక్క దెబ్బ బాగా వచ్చు. మస్కట్‌లో ఆమె వంట చేసిన ఇంటి పెద్దావిడ మోకాళ్లు పట్టేశాక, మైదానానికి పోలేక, పెరట్లో తోడు ఆడటానికి మనిషి లేక, ఒకరోజు వంటింట్లోంచి దానమ్మను పిలిచి కర్ర చేతికిచ్చింది. దూరం కొట్టే దెబ్బ కాదది. గడ్డి అంచున నిలబడి, బరువంతా ఎడమకాలి మీద వేసి, బంతిని కాస్తంత లేపి, నేలలో పాతిన డబ్బాలాంటి గుంట దాకా మిగతా దారి దాన్నే దొర్లనివ్వాలి. చిప్ షాట్ అంటారు. తిరిగొచ్చేటప్పుడు ఆ కర్రా, సంచీడు బంతులూ పెద్దావిడే ఇచ్చి పంపింది.

రెండు వారాల్లో ప్రభాకరరావుగారి ముందు కొట్టి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. లేకపోతే మళ్లీ మస్కట్టు, మళ్లీ ఎవరి వంటిల్లో. ఏజెంటు వీసా పట్టుకుని కాచుక్కూర్చున్నాడు. ఆ ఏజెంటుతో మాట్లాడిందీ అన్నయ్యే.

కూటం జరిగింది. దానమ్మ చివర్న కూర్చుని ఆమెన్ అనాల్సిన చోట కూడా పళ్లు కొరుక్కుంది. మర్నాటి నుంచి తోట మొహం చూడలేదు. కర్ర పట్టుకుని కాలవగట్టుకు పోయింది. అక్కడ గడ్డి లేదు, గట్టి నేల. కర్ర ముందు నేలకి తగిలితే బంతి ఎగిరి కాలవలో పడుతుంది. కోపంగా కొట్టిన ప్రతి బంతీ కాలవలోకే పోయింది. "చేపలకి గుడ్లు పెడుతున్నావా వదినా?" అంది ప్రేమ్ కుమార్ భార్య సువార్త, బట్టలు ఉతుకుతూ. ఆ నవ్వుకి దానమ్మ ఒళ్లు మండిపోయింది. మండిపోతుంటే ఇంకో బంతి పోయింది. సంచీ సగమయ్యాక గాని ఆమెకు బుద్ధి రాలేదు. ఇంత కోపం చేతుల్లో పెట్టుకుని ఆ దెబ్బ కొట్టలేం. అప్పుడిక ఊపిరి వదిలి, చేతులు వదులు చేసి, మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది.

రేపు రిసార్టుకి వెళ్లాలనగా అన్నయ్య వచ్చి, "ఒక్కసారి తోటలోకి రావే," అని పిలిచాడు. మొహం వెలిగిపోతోంది.

వెళ్లి చూసి దానమ్మ నిలబడిపోయింది. చెక్కేసిన చోటంతా లేత పచ్చ. ఒక్క ఖాళీ లేకుండా, సమంగా, ఒత్తుగా. గుండె ఒక్కసారి పొంగింది. బంతి తీసుకుని గబగబా నడిచి కాలు పెట్టింది. మడమ దాకా దిగబడింది. బురద! చేతిలోంచి జారిన బంతి చప్పుడు లేకుండా అందులో మునిగిపోయింది.

"ఇదేంటి?"

"ఆకుమడి. విత్తనాలు నానేసి, మొలకలొచ్చేదాకా మండె కట్టి, నేనే చల్లేను. నీ గడ్డి కంటే పచ్చగా లేదూ?"

నారు పోసి పెట్టాడు మహానుభావుడు! చెల్లెలు గోల్ఫ్ ఆడుకోవడానికి వరినారు!

అరికాలి మంట నెత్తికెక్కింది దానమ్మకు. బురద కాలు ఈడ్చుకుంటూ అన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎలాంటి గడ్డి కావాలో నన్నొక్క మాట అడిగేవా? బడి మానిపించినప్పుడు అడగలేదు. సంబంధం కుదిర్చినప్పుడు అడగలేదు. మా ఆయన పోయి నెల తిరక్కుండా మస్కట్ వీసా తెచ్చి చేతిలో పెట్టేవు, అప్పుడూ అడగలేదు. అన్నీ నా మంచికే చేసేవన్నయ్యా, కాదనను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, 'దానమ్మా, నీకేం కావాలే?' అని అడిగి చేస్తే నీ సొమ్మేం పోయేది?"

ప్రేమ్ కుమార్ భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచాడని సువార్త చెప్పింది. తినకపోతే పోనీ అనుకుంది దానమ్మ. కోపం తగ్గలేదు ఆమెకు.

పొద్దున్న రిసార్టుకి స్కూటరు మీద దింపింది అన్నయ్యే.

మొదటి బంతిని దానమ్మ పాడుచేసింది. అన్నయ్య పక్కన నిలబడి గొంతు సవరించుకుంటుంటే ఆ చప్పుడుకే చేతులు బిగుసుకుపోయాయి. బంతి, గుంటలో నిలబెట్టిన జెండా దాటి ఎక్కడికో పోయింది. ప్రభాకరరావుగారు గడియారం చూసుకున్నారు. దానమ్మ కళ్లు మూసి కాలవగట్టుని తలుచుకుంది. ఊపిరి వదిలింది. రెండో బంతి అంచు దాటి, మెత్తగా వాలి, దొర్లుకుంటూ వెళ్లి జెండా కర్రను ఆనుకుని ఆగింది. మూడోదీ దాని పక్కకే చేరింది.

"బాగుందండీ, చాలా బాగుంది," అన్నారు ప్రభాకరరావుగారు. అని, ప్రేమ్ కుమార్ వైపు తిరిగారు. "మరి మీ చెల్లెలుగార్ని ఎప్పట్నుంచి పంపిస్తారండీ?"

దానమ్మ కర్రను గట్టిగా పట్టుకుంది.

"ఆయ్, రేపట్నుంచే..." అనబోయి ప్రేమ్ కుమార్ ఆగాడు. చెల్లెలి మొహంకేసి చూశాడు. తల దించుకున్నాడు.

"నన్నడుగుతారేంటండీ? ఆవిడిక్కడే ఉన్నారు కదండీ. ఆవిడ్నే అడగండి."

ప్రభాకరరావుగారు తడబడి ఇటు తిరిగారు. దానమ్మ మాట గట్టిగానే వచ్చింది.

"ఎల్లుండి వస్తానండి. రేపు మా తోటలో ఆ వరినారు పీకించి, గరిక నాటించాలి. ఎక్కడ నాటాలో దగ్గరుండి చెప్తాను. నాటేది మా అన్నయ్యేనండి."