ఆ ఆదివారం నేను చదవని పాఠం

ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది శ్రమకాలానికి, అంటే ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసకాలానికి, ముందొచ్చే ఆదివారం, ఆరాధన మధ్యలో. ఆ రోజు సువార్త పాఠం యెరికో దారి పక్కన కూర్చున్న గుడ్డివాడిది. మా లూథరన్ సంఘంలో ఏ ఆదివారానికి ఏ పాఠమో పట్టికలో ముందే ఉంటుంది. పాత పట్టిక ప్రకారం ప్రతి ఏడూ అదే ఆదివారం అదే పాఠం తిరిగొచ్చేది. ఇరవై ఆరేళ్లుగా చదువుతున్న పాఠం. సగంలో పంక్తి చివరి మాట కనిపించలేదు. కింది పంక్తి ఎక్కడ మొదలవుతుందో దొరకలేదు. నోరు మాత్రం ఆగలేదు, కంఠతా వచ్చు కదా, చివరిదాకా నడిచిపోయింది. ఎవరూ గమనించలేదు, నేనూ పట్టించుకోలేదు. గుడ్డివాడి పాఠం చదువుతూ తన చూపు పోతోందని తెలుసుకోలేని మనిషిని చూసి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

మాది పర్సుడీహ్, హిందీ ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీల ఊరి శివారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చాడు. నేను ఒక ఫ్యాక్టరీ స్టోర్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా చర్చిలో పొద్దున్న తెలుగు ఆరాధన, అది కాగానే హిందీ ఆరాధన. తెలుగు ఆరాధనలో పాఠాలు చదివేది నేనే. అయ్యగారు, అంటే మా పాస్టరు, వేరే ఊరి సంఘానికి వెళ్లిన ఆదివారాల్లో వాక్యం చెప్పేదీ నేనే. పాఠం మారదు కాబట్టి నా ప్రసంగం కూడా పెద్దగా మారేది కాదు. "మీ యెరికో ప్రసంగం నాను కూర తరుగుతూ సెప్పేత్తాను" అనేది మా ఆవిడ సుగుణ.

బజార్లో కళ్లద్దాల షాపుకి వెళ్లాను. గోడ మీద అక్షరాలు అన్నీ చదివేశాను. "ఏజ్ కా అసర్ హై, అంకుల్" అని, వయసు మీదకి నెట్టేసి, అతను పవర్ మార్చాడు. ఈస్టర్ తర్వాత మళ్లీ మార్చాడు. ఈ జబ్బు ముందు అంచులు తినేసి నడి చూపుని చివరికి ఉంచుతుందని అప్పుడు నాకు తెలీదు. భుజం గుమ్మానికి కొట్టుకునేది. కంచం పక్కన పెట్టిన గ్లాసు చేత్తో తోసేసేవాణ్ణి.

"పక్కనున్న గ్లాసు కనపడ్నేదేటండీ? కంటి డాక్టరు దగ్గరికి ఎల్దాం" అని సుగుణ ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

పెంతెకొస్తు పండగ వెళ్లాక చూద్దాం అన్నాను. పెంతెకొస్తు వెళ్లాక వచ్చే త్రిత్వ కాలం దాదాపు సగం ఏడాది. అదీ అయిపోయింది. శనివారం సాయంత్రం సుగుణ మర్నాటి పాఠం చదివి వినిపించేది. ఆదివారం నేను గ్రంథం తెరిచి, చూసి చదువుతున్నట్టు నిలబడేవాణ్ణి. అద్దాలు సరిపడలేదని ఆమెకు చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను.

ఆ ఏడాది మా కుర్ర అయ్యగారు పాత పట్టిక మార్చి, మూడేళ్లకోసారి తిరిగే పట్టిక తెద్దామన్నారు. సంఘం మీటింగులో నేను గట్టిగా అడ్డుపడ్డాను. మన పెద్దలు చదివిన క్రమం అన్నాను, పిల్లలు పండగల్ని పాఠాలతోనే గుర్తుపెట్టుకుంటారు అన్నాను. అందులో కొంత నిజం ఉంది. కొత్త పాఠం నాకు కంఠతా రాదు అన్న భయం అంతకంటే నిజం. మాట నెగ్గలేదు. క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం నుంచి కొత్త పట్టిక అన్నారు.

దాని ముందు శనివారం సుగుణ, చెల్లెలి కూతురి పురుడుకి సాయంగా చెల్లెలి ఇంటికి వెళ్లింది. పాఠం వినిపించేవాళ్లు లేరు. ఆదివారం అయ్యగారు సువార్త పాఠం అచ్చువేసిన కాగితం నా చేతికిచ్చారు. సన్నక్షరాలు, పైగా మబ్బు పట్టిన పొద్దు. కాగితం మధ్యలో రెండు మూడు మాటలు కనిపించాయి, వాటి చుట్టూ బూడిద రంగు. అందరూ లేచి నిలబడి ఉన్నారు. నేను నోరు తెరిచి, పాత పట్టికలో ఆ ఆదివారానికున్న పాఠం మొత్తం అప్పజెప్పేశాను, గాడిద మీద యెరూషలేము ప్రవేశం. కాగితంలో ఉన్నది మెలకువగా ఉండమని ప్రభువు చెప్పిన పాఠం.

తమ గ్రంథాల్లో చూసుకుంటున్నవాళ్లు పేజీలు తిప్పడం నాకు వినిపించింది. అయ్యగారు ఆ కొత్త పాఠం తానే చదివి ప్రసంగం మొదలుపెట్టారు.

నేను కావాలనే చేశానని అందరూ అనుకున్నారు. ఆరాధన అయ్యాక బయట టీ దగ్గర ఇద్దరు పెద్దలు నా భుజం తట్టారు. మా తమ్ముడు యాకోబు అయితే అందరి ముందూ అయ్యగారిని నిలదీశాడు.

"మా అన్నయ్య కావాలనే సదివేడు. ఏటి తప్పు? మీరు నిన్న గాక మొన్న వచ్చేరు."

అప్పుడే నేను ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. గుడ్డివాడనిపించుకోవడం కంటే మొండివాడనిపించుకోవడం నాకు గౌరవంగా తోచింది. ఆ వారం అయ్యగారు ఇంటికి వచ్చి, "ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది కదండీ, అంకుల్" అన్నారు. పాత పాఠమే సరైనదని జవాబిచ్చాను. యాకోబు నా పక్షాన అలిగి ఆరాధనకి రావడం మానేశాడు. వాడి వెనక మరో నాలుగు కుటుంబాలు మానేశాయి.

తర్వాత వచ్చిన శ్రమకాలంలో, ఒక శుక్రవారం ఆరాధనకి వెళ్తూ, ఎడమపక్కన ఆగి ఉన్న తోపుడు బండిని స్కూటర్‌తో గుద్దేశాను. పట్టపగలు. బండి అసలు కనిపించలేదు. మోచేతికి కుట్లు వేసిన డాక్టరే నన్ను కంటి విభాగానికి పంపాడు. కంటి ప్రెషర్ చూశారు, ఫీల్డ్ టెస్ట్ చేశారు, OCT అని కంటి నరానికి స్కాన్ తీశారు. కుడి కంట్లో ప్రెషర్ ముప్పై ఎనిమిది, ఎడమ కంట్లో ముప్పై నాలుగు; ఇరవై ఒకటి దాటకూడదట. గ్లకోమా, అంటే నీటికాసులు, బాగా ముదిరిపోయింది అన్నారు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. "జో చలా గయా, వో వాపస్ నహీ ఆయేగా. జో బచా హై, ఉసీకో బచానా హై" అంది. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలి. ఆ తర్వాత అడిగింది, "భాయీ-బెహన్ హై?" తమ్ముడున్నాడన్నాను. ఇది రక్తసంబంధీకుల్లో వచ్చే జబ్బని, వాణ్ణి వెంటనే చెకప్‌కి తీసుకురమ్మని చెప్పింది. ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా రాలేదు అప్పటికి.

మొదట ఇచ్చిన చుక్కలకి నాకు ఆయాసం వచ్చింది. మార్చారు. మార్చినవాటికి ప్రెషర్ దిగలేదు. ఈస్టర్ అయ్యాక కుడి కంటికి ట్రాబెక్యులెక్టమీ, ప్రెషర్ దించే ఆపరేషన్, చేశారు. ఆపరేషన్ తర్వాత ప్రెషర్ మరీ పడిపోయి, రెండు వారాలు అంతా పొగమంచు. చూడ్డానికి వచ్చిన యాకోబు మంచం పక్కన కూర్చుని అరటిపండు ఒలిచి ఇచ్చాడు. "కేటరాక్టేనా, అన్నయ్యా?" అన్నాడు. "అదేరా" అన్నాను.

ఎందుకన్నానో చెబుతాను, దాచుకుని లాభం లేదు. గ్లకోమా అంటే ఎన్నాళ్లుగా అని అడుగుతాడు. అప్పుడు ఆగమన ఆదివారం సంగతి బయటపడుతుంది. నా కోసం చర్చి వదులుకున్నవాడికి, నేను పోరాడలేదురా, నాకు కనపడలేదురా అని చెప్పాలి. కొంచెం కోలుకున్నాక చెబుదాం అనుకున్నాను. మళ్లీ త్రిత్వ కాలం నడిచింది. పాఠాలు చదవడం మానేసినా, పాపపు ఒప్పుకోలు ప్రార్థన మాత్రం ప్రతి ఆదివారం నేనే నడిపించేవాణ్ణి. అందరి చేతా ఒప్పించి, నాది ఒక్కటి మింగేవాణ్ణి.

అక్టోబరు చివర, సంస్కరణ ఆదివారం దగ్గర పడుతుండగా యాకోబు ఇంటికి వచ్చాడు. వాడు ఒక కాంట్రాక్టరు కింద క్రేన్ ఆపరేటర్. క్రేన్ నిచ్చెన దిగుతూ మెట్టు తప్పాడట.

"పక్కనున్నది కనపడ్నేదన్నయ్యా. అద్దాలోడు రెండుసార్లు పవర్ మార్చేడు" అన్నాడు.

అంతా చెప్పేశాను, కాగితం, గాడిద పాఠం, డాక్టరమ్మ మాట, అన్నీ.

"మరి నాను అయ్యగారి మీద అరిసింది దేనికి?" అన్నాడు. మళ్లీ "మట్టల ఆదివారం కంటే ముందే సెప్పిందా, ఆ డాక్టరమ్మ?" అన్నాడు. అవునన్నాను.

మర్నాడే తీసుకెళ్లాను. వాడికి కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమ కన్ను సగం ఉంది. ముందే తెచ్చి ఉంటే మిగిలేదా అని డాక్టరమ్మని అడిగాను. "ఎంత మిగిలేదో చెప్పలేను. ఇంత ప్రెషర్‌లో ఏడు నెలలంటే ఏ కంటికైనా ఎక్కువే" అంది. వాడిక క్రేన్ ఎక్కకూడదు. ఇప్పుడు కింద హెల్పర్‌గా చేస్తున్నాడు. తల పైకెత్తి క్రేన్ కేసి చూడడట. ఆ మాట వాడి భార్య చెప్పింది.

తర్వాతి ఆదివారం ఒప్పుకోలు ప్రార్థనకి ముందు సంఘంతో నిజం చెప్పాను. అయ్యగారు ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క మాట చెప్పి ఉంటే పెద్దక్షరాల్లో వేయించేవాణ్ణి కదండీ, అంకుల్" అన్నారు. అంతే అన్నారు. కోప్పడినా బాగుండేది.

ఆపరేషన్ చేసినా నా కుడి కంటికి ఇప్పుడు నీడలే తెలుస్తాయి, ఎడమ కంట్లో ఒక గుప్పెడంత చూపుంది. చుక్కలతో అది నిలబడింది. కొత్త పట్టిక అలవాటైంది, యెరికో పాఠం మూడేళ్లకోసారే వస్తుంది. పాఠం వేరొకరు చదువుతారు, అప్పుడప్పుడు నేను చూసుకోకుండా వాక్యం చెబుతాను. యాకోబు మళ్లీ చర్చికి వస్తున్నాడు, నా పక్కనే కూర్చుంటాడు. క్షమించేశాను అన్నాడు. సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి "సుక్కలేసుకున్నావా, అన్నయ్యా?" అని అడుగుతాడు. వాడు వేసుకునే టైమూ అదే. మొదటి ఫోన్ ఏనాడూ నేను చెయ్యలేకపోయాను, నంబరు నొక్కబోతే చెయ్యి రాదు.

నలభై దాటినవాళ్లు అద్దాల షాపుతో సరిపెట్టుకోకుండా కంటి ప్రెషర్ చూపించుకోండి. ఒకవేళ గ్లకోమా అని తేలి, డాక్టరు మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ల గురించి అడిగితే, ఆస్పత్రి మెట్లు దిగకముందే వాళ్లకి ఫోన్ చెయ్యండి. ఏ ముఖంతో చెప్పాలా అని ఆలోచించకండి. మీరు ఆలోచిస్తున్నంతసేపూ వాళ్ల చూపు తరిగిపోతుంటుంది.