మామలు తోసిన కారు, నేను తొక్కిన బ్రేకు

మనిషి పరువు పోవడానికి పెద్ద నేరాలేమీ చేయనక్కర్లేదు. కుడికాలు ఒక్కటి చాలు. నా పరువు మడికొండలో, మే నెల ఎండలో, పట్టపగలు డప్పుల మధ్య ఊరేగింపుగా పోయింది. కారు నడిపింది నేనే కాబట్టి దగ్గరుండి మరీ సాగనంపాను.

నేను హసన్‌పర్తిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది. నాలుగేళ్ల కింద హైబ్రిడ్ కారు కొన్నాను. అందులో పెట్రోలు ఇంజనుకు తోడుగా కరెంటు మోటారు కూడా ఉంటుంది. కొన్న వారానికే మా మామయ్యకు పాఠం మొదలుపెట్టాను. ఆయన ముప్పై ఏళ్లు మగ్గం మీద జంపఖానాలు నేసిన మనిషి.

"మామా, మామూలు కార్ల బ్రేకు కొడితే ఆ ఊపంత వేడై గాలిల కలుస్తది. దీంట్ల అట్ల కాదు. మెల్లగ తొక్కితే చక్రాలే మోటరును తిప్పుతయి, అది కరెంటు పుట్టిచ్చి బ్యాటరీ నింపుతది."

మామయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అంటే సైకిల్ డైనమో అసొంటిది. చక్రానికి ఆనిస్తె లైటు వెలుగుతది, తొక్కుడు బరువైతది."

నేను క్లాసులో నలభై నిమిషాలు చెప్పే పాఠాన్ని ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. అది నాకు నచ్చలేదు. అందుకని ఇంకో అడుగు ముందుకేసి, "నరేశ్ పెండ్లికి విడిది నుంచి హాల్ దాకా ఈ కార్లనే తీస్కపోత. పెట్రోల్ చుక్క కాలదు, చూడు" అని మాటిచ్చేశాను. నరేశ్ నా బావమరిది, మామయ్యకు ఒక్కడే కొడుకు.

పెళ్లిరోజు వచ్చింది. ముహూర్తం పది నలభైకి. విడిది నుంచి ఫంక్షన్ హాలు కిలోమీటరు దూరం. ముందు డప్పులు, వెనక నత్తనడకన నా కారు, వెనక సీట్లో పెళ్లికొడుకు. ఇంజను ఆగిపోయి, కారు బ్యాటరీ మీద చప్పుడు లేకుండా జరుగుతోంది. ఏసీ దెబ్బకు తెరమీద బ్యాటరీ గీతలు ఎనిమిది నుంచి మూడుకు దిగాయి. రెండుకు దిగితే ఇంజను దానంతట అదే లేస్తుంది, నా మాట పడిపోతుంది.

మూలమలుపులో డప్పులు ఆగితే నేనూ ఆపాను. మామయ్య తమ్ముడు, మా చిన్నమామ, బానెట్ దగ్గర చెవిపెట్టి విన్నాడు.

"అన్నా, బండి బందైంది. సప్పుడే లేదు. జర నూకుండ్రి."

బందు కాలేదని చెబుదామని అద్దం దించాను. సరిగ్గా అప్పుడే నాలో ఫిజిక్స్ లెక్చరర్ నిద్ర లేచాడు. వాళ్లు తోస్తే చక్రాలు తిరుగుతాయి. నేను బ్రేకు మెల్లగా తొక్కితే ఆ తిరుగుడు కరెంటవుతుంది. శక్తికి నాశనం లేదు కదా, మామల కండల్లోంచి నా బ్యాటరీలోకి మారుతుంది. అద్దం మళ్లీ ఎత్తేశాను.

మొదట ఇద్దరు తోశారు. "ఏం బరువున్నదిరా నాయినా" అంటూ ఆరుగురయ్యారు, తర్వాత పదిమంది. ఇస్త్రీ అంగీలు తడిసి వీపులకు అతుక్కున్నాయి. గీత మాత్రం పెరగలేదు. సరిపోవడం లేదేమోనని ఇంకాస్త తొక్కాను.

"బావా, పది ఇరవయ్యైంది" అన్నాడు నరేశ్.

"ఫికర్ జెయ్యకు. ఛార్జింగ్ అయితాంది."

"నా పెండ్లి గూడ అయితదా బావా?"

అద్దంలో చూస్తే మామయ్య కుంటుతూ తోస్తున్నాడు. ఆయనకు మోకాలి నొప్పి ఉంది. నాకు నిజంగా బాధేసింది, కానీ ఒక్క గీత పెరిగితే ఆపేద్దాం అనుకున్నాను. ఇంతటి మూర్ఖత్వం చదువు లేనివాడికి సాధ్యం కాదు.

ఇంకో పావుగంటకు గీతలు రెండయ్యాయి. ఇంజను గుర్రుమంది. ఉలిక్కిపడి కాలు తీశాను, కారు ముందుకు ఉరికింది.

"షురూ అయింది. మనం నూకితెనే అయింది" అని చిన్నమామ రుమాలు ఊపాడు.

హారన్ కొట్టి డప్పులను దాటుకుని హాలు చేరేసరికి పది ముప్పై ఏడు. నరేశ్ మండపానికి పరుగెత్తాడు. పెళ్లి ముహూర్తానికే జరిగింది. మామయ్య మాత్రం కొడుకు మీద అక్షింతలు కుర్చీలో కూర్చునే వేశాడు. ఆ రోజు నాకు భోజనం సహించలేదు.

వారం తర్వాత సర్వీసింగ్‌కు వెళ్లి, కారు నూకితే ఎంత ఛార్జ్ అవుతుందని మెకానిక్‌ను అడిగాను.

"నడక స్పీడ్ల ఏం కాదు సార్. జోరుగ పోయేటప్పుడు బ్రేకు తొక్కితేనే మోటర్ కరెంట్ పట్టుకుంటది. మెల్లగున్నప్పుడు ఉత్త బ్రేక్ ప్యాడ్లే రాసుకుంటయి. మీరేం చేస్తరు సార్?"

ఫిజిక్స్ చెబుతానని చెప్పడానికి నోరు రాలేదు. బిజినెస్ అన్నాను.

అంటే పదిమంది చెమట, మామయ్య మోకాలు, అంతా వేడై మడికొండ గాలిలో కలిసింది. ఆ సాయంత్రమే నొప్పుల నూనె సీసా పట్టుకుని వెళ్లి, మామయ్య కాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ ఒప్పేసుకున్నాను.

"మామా, ఆ రోజు బండి బందు కాలే. నేనే బ్రేకు తొక్కిపట్టిన."

"ఎరుకే" అన్నాడు మామయ్య.

"ఎట్ల ఎరుక?"

"బ్రేకు తొక్కితే ఎనక ఎర్రలైట్లు వెలగవా బిడ్డా? మా ముక్కుల ముంగటనే వెలిగినయ్. పదిమందిమి చూసినం."

"మరి చెప్పొద్దా మామా?"

"ఎట్ల చెప్తం? ఇంటల్లునివి. అండ్ల ఏదో సైన్సు ఉండే ఉంటదని నూకినం."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. బ్రేకు తొక్కనేల, మామ కాలు పట్టనేల అంటాను నేను. నొప్పుల నూనె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా కారును ఎవరు తోయడానికి వచ్చినా, ముందు తలుపు తీసి నా కుడికాలు బయటపెట్టి, అందరూ చూశాకే తోయమంటాను.